తులసి వాసన, మామిడి ఈగ

విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్లకు దగ్గరగా ఉన్న పుణ్యక్షేత్రం రామతీర్థం. బారులు తీరిన రాతికొండలు, వాటి అడుగున రామాలయం, గురుభక్తుల కొండ మీద బౌద్ధుల నాటి ఇటుక కట్టడాల శిథిలాలు, కోనేరు, చుట్టూ పంటచేలు, తోటలు - ఇదీ ఆ ఊరి స్వరూపం. దర్శనానికి వచ్చినవారి చేతిలో తీర్థంతోపాటు ఒక తులసిదళం పడుతుంది. దానిని వేళ్ళ మధ్య నలిపి వాసన చూడనివారు అరుదు. మనిషికి ఆ వాసన గుడిని, శుచిని, పెరటిలోని తులసికోటను గుర్తుకు తెస్తుంది. అదే వాసన వేరొక ప్రాణికి ఏమి గుర్తుకు తెస్తుందో తెలుసుకోవాలంటే గుడి నుండి మామిడితోటకు నడవాలి.

వేసవిలో కాయ పక్వానికి వచ్చే రోజులలో, గుప్పెడు తులసి ఆకులు దంచి ఒక మూకుడులో వేసి మామిడి కొమ్మకు వేలాడదీసినట్లయితే, కొద్దిసేపటిలో దాని చుట్టూ ఒక రకం ఈగలు మూగటం చూడవచ్చు. ఇవి ఇంటి ఈగ అంత పరిమాణం గలవి. రెక్కలు పారదర్శకంగా ఉంటాయి. వీపుమీద పసుపుపచ్చని గుర్తులు ఉండటంచేత తొలిచూపులో కందిరీగ పిల్లలా అని భ్రమ కలుగుతుంది. వాటిని పట్టి పరీక్షించినవారికి ఒక విచిత్రం కనిపిస్తుంది. వచ్చినవి దాదాపు అన్నీ మగవే. ఆకు రసంలో తేనె లేదు, పిండి లేదు, ఈగ కడుపు నిండే పదార్థమేదీ లేదు. అయినా అవి ఆ ఆకు ముద్దపై వాలి, ఒళ్ళు మరచినట్లు నాకుతూ ఉంటాయి. చేయి దగ్గరకు తెచ్చినా ఒక పట్టాన లేవవు.

దీనిని పండు ఈగ అంటారు. శాస్త్రీయనామం బాక్ట్రోసెరా డోర్సాలిస్. మామిడి రైతుకు దీనికి మించిన శత్రువులు కొద్ది. ఆడ ఈగ పొట్ట చివర సూదివంటి అవయవం ఉన్నది. పక్వానికి వస్తున్న కాయ తోలులో దానిని గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజులలో గుడ్లు పగిలి, తెల్లని పురుగులు వెలువడి గుజ్జును తినటం మొదలుపెడతాయి. కాయ మాత్రం పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. ఎదిగిన పురుగు పండులోనుండి బయటపడి, శరీరాన్ని విల్లులా వంచి చెంగున దూకి, నేలలోకి దూరి ప్యూపాగా మారుతుంది. వేసవిలో సుమారు పది రోజులకు ఆ ప్యూపా నుండి కొత్త ఈగ వస్తుంది. ఒక ఆడ ఈగ తన జీవితకాలంలో వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు.

విజయనగరం ప్రాంతపు సువర్ణరేఖ, పనుకులు, బంగినపల్లి పండ్లను కొని ఇంటికి తెచ్చి, కత్తి పెట్టినప్పుడు లోపల పురుగులు కదలటం చూసిన గృహిణులు ఎందరో. ఇంటిలో ఒక పండు పోతే నష్టం స్వల్పమే. కాని 2014 మే 1 నుండి ఐరోపా సమాజ దేశాలు మన దేశపు మామిడిపండ్ల దిగుమతిని నిషేధించాయి. అంతకు ముందు వచ్చిన సరుకులో పండు ఈగలు, ఇతర పురుగులు కనిపించటమే అందుకు కారణం. మామిడితోపాటు వంకాయ, కాకర, పొట్ల, చేమ కూడా ఆ నిషేధంలోకి వచ్చాయి. 2015 ఆరంభంలోగాని మామిడికి తలుపు తెరుచుకోలేదు. పురుగు పండు గుజ్జులో దాగి ఉంటుంది కనుక చెట్టుపై మందు చల్లినా అది పురుగును చేరదు. చేరేటంత మందు చల్లితే ఆ పండు మనిషి తినదగినది కాదు. ఈ చిక్కు నుండి బయటపడే దారిని చూపినది వాసనే.

ఆ దారి కనుగొన్న కథ మన దేశంలోనే, బీహారులోని పూసాలో జరిగినది. ఆ రోజులలో ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనశాల పూసాలో ఉండేది. 1934 నాటి భూకంపంలో భవనాలు కూలిన తరువాత దానిని ఢిల్లీకి తరలించారు. అక్కడ హౌలెట్ అనే ఇంగ్లీషు కీటకశాస్త్రజ్ఞుడు పనిచేసేవాడు. ఆయన పొరుగువాడు దోమలు దగ్గరకు రాకుండా సిట్రొనెల్లా గడ్డినూనె వాడాడట. దోమల సంగతి ఎలా ఉన్నా, ఎక్కడినుండో ఈగలు వచ్చి మూగాయి. మరొకరైతే విసుక్కుని ఊరుకునేవారు. హౌలెట్ ఆ ఈగలను పట్టి చూశాడు. అవి పండు ఈగలు, అన్నీ మగవి. 1912లో ఈ సంగతిని ప్రకటించి, నూనెలోని ఏ అంశం వాటిని పిలుస్తున్నదని వెదకసాగాడు. సిట్రొనెల్లా నూనె ఒకే పదార్థం కాదు, అనేక రసాయనిక ద్రవ్యాల మిశ్రమం. ఒక్కొక్కదానినే విడిగా పరీక్షించగా అసలు ద్రవ్యం మిథైల్ యూజినాల్ అని తేలినది. ఆ వివరాలు 1915లో వెలువడ్డాయి. తులసిలో ఉండి మగ ఈగలను లాగేది కూడా ఆ మిథైల్ యూజినాలే. పెరటిలో తులసి ఉంటే దోమలు రావని చెప్పేవారున్నారు. ఈగలు వస్తాయని మాత్రం ఎవరూ చెప్పరు!

లవంగం వాసన అందరికీ తెలిసినదే. ఆ వాసనకు మూలమైన ద్రవ్యం యూజినాల్. దాని అణువులో 10 కర్బన, 12 ఉదజని, 2 ఆమ్లజని పరమాణువులు ఉన్నవి. అందులోని ఒక ఆమ్లజనిపై ఉన్న ఉదజనిని తొలగించి, ఆ చోట ఒక మిథైల్ సముదాయాన్ని ఉంచితే మిథైల్ యూజినాల్ అవుతుంది: 11 కర్బన, 14 ఉదజని, 2 ఆమ్లజని. మార్పు ఇంతే. మన ముక్కుకు ఆ రెండూ దగ్గర చుట్టాలవంటి వాసనలు. ఈగకు అలా కాదు. యూజినాల్‌కు దానిని ఆకర్షించే శక్తి చాలా తక్కువ. మిథైల్ యూజినాల్ అయితే అతి స్వల్పమైన మోతాదులోనే చాలా దూరం నుండి రప్పిస్తుంది. కీటకాల స్పర్శశృంగాలపై సన్నని రోమాలు ఉంటాయి. వాటిలోని నాడీకణాలు కొన్ని కొన్ని ఆకారాల అణువులకు మాత్రమే స్పందిస్తాయి. తాళంలో వేరొక చెవి దూరవచ్చును గాని తిరగదు.

మగ ఈగకు ఈ ద్రవ్యంతో పనేమి? చాలాకాలం ఇది అంతుచిక్కని ప్రశ్నగానే ఉండినది. ఆహారం కాదు. ఆడ ఈగ వాసనా కాదు, ఆడ ఈగ దేహంలో మిథైల్ యూజినాల్ లేదు. సమాధానం 1980ల తరువాతగాని స్పష్టం కాలేదు. మగ ఈగ ఆ ద్రవ్యాన్ని తిని, తన శరీరంలో దానిని వేరొక రెండు ద్రవ్యాలుగా మార్చుకుంటుంది. వాటిని పెద్దపేగు చివరనున్న గ్రంథిలో నిలవ చేసుకుంటుంది. పొద్దు గూకే వేళ మగ ఈగలు రెక్కలు ఆడిస్తూ ఆ ద్రవ్యాలను గాలిలోకి వదులుతాయి. ఆ వాసనకే ఆడ ఈగలు వస్తాయి. మిథైల్ యూజినాల్ దొరికిన మగ ఈగకు జత దొరకటం సులభం, దొరకనిదానికి కష్టం. ఒక మాటలో చెప్పవలసివస్తే, పెళ్ళికి వెళ్ళే ముందు అత్తరు పూసుకొనటానికి ఈగ తులసి దగ్గరకు వస్తున్నది. అత్తరును ఒంటిమీద పూసుకొనక మ్రింగటమే దాని పద్ధతి.

ఆగ్నేయాసియా అడవులలో బల్బోఫిల్లం అనే జాతి ఆర్కిడ్ మొక్కలలో కొన్ని ఈ బలహీనతను బాగా కనిపెట్టాయి. వాటి పువ్వులలో తేనె ఉండదు, మిథైల్ యూజినాల్ ఉంటుంది. నాకటానికి వచ్చిన మగ ఈగ వీపుకు పుప్పొడి ముద్ద అంటుకుంటుంది. మరొక పువ్వు మీద వాలినప్పుడు పరాగసంపర్కం జరిగిపోతుంది.

ఇక్కడ రెండు మాటలను విడదీసి చెప్పుకోవాలి. ఒక జాతికి చెందిన జంతువు విడిచిన ద్రవ్యం అదే జాతికి చెందిన మరొక జంతువులో మార్పు కలిగించినట్లయితే ఆ ద్రవ్యాన్ని ఫెరోమోన్ అంటారు. ఈ పేరు 1959లో కార్ల్‌సన్, ల్యూషర్ అనే శాస్త్రజ్ఞులు పెట్టినది. ఆ సంవత్సరమే బ్యూటెనంట్ అనే జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు పట్టుపురుగు ఆడ సీతాకోక చిలుకల నుండి మొట్టమొదటి ఫెరోమోన్‌ను వేరుచేశాడు. మిల్లీగ్రాముల లెక్కలో ఆ ద్రవ్యం సంపాదించటానికి ఆయన బృందానికి సుమారు 5 లక్షల సీతాకోక చిలుకలు కావలసివచ్చాయి. హార్మోను శరీరంలోపల ఒక అవయవం మరొక అవయవానికి పంపే సందేశమైతే, ఫెరోమోన్ ఒక ప్రాణి మరొక ప్రాణికి పంపే సందేశం. ఒక జాతి విడిచిన ద్రవ్యం మరొక జాతికి ఉపయోగపడితే దానికి పేరు కైరోమోన్. పులి వాసన పసిగట్టిన జింక పారిపోతుంది. పులి ఆ వాసనను జింక కోసం విడవలేదు. తులసి కూడా ఈగ కోసం మిథైల్ యూజినాల్ తయారుచేయటం లేదు.

వాసనలో రసాయనం ఏదన్నదే కాదు, పాళ్ళు కూడా ముఖ్యమే. రామతీర్థం చుట్టుపక్కల వరిచేలలో రైతులకు చిరపరిచితమైన శత్రువు కాండం తొలుచు పురుగు. పిలకదశలో మొవ్వు చనిపోవటం, ఈనిక దశలో తెల్లకంకులు రావటం దీని పనే. దీని ఆడ సీతాకోక చిలుక విడిచే ఫెరోమోన్‌లో ప్రధానమైనవి రెండు ఆల్డిహైడులు. రెండిటిలోనూ 16 కర్బన పరమాణువుల గొలుసే. ద్విబంధం ఒకదానిలో 11వ చోట, రెండవదానిలో 9వ చోట ఉన్నది. ఇవి 3కు 1 చొప్పున కలిసినప్పుడు మగ సీతాకోక చిలుక రివ్వున వస్తుంది. వ్యవసాయశాఖవారు చేలలో పెట్టించే లింగాకర్షక బుట్టలలో ఉండే రబ్బరు బిళ్ళకు పట్టించేది ఈ మిశ్రమాన్నే. ఒకటి రెండు రకాల అణువులతో, వాటి పాళ్ళతో ఇన్ని వేల జాతుల కీటకాలు ఒకరి పిలుపును ఒకరు పొరబడకుండా ఎలా గుర్తిస్తున్నాయన్న ప్రశ్నకు ఇందులోనే జవాబున్నది.

ఇంతవరకు చెప్పినవన్నీ ప్రవర్తనకు సంబంధించినవి. వాసన తగలగానే ప్రాణి వస్తుంది, పోతుంది, వాలుతుంది. వాసన శరీర నిర్మాణాన్నే మార్చగలదంటే నమ్మటం కష్టం. దీనికి నిదర్శనం కావాలంటే తోట విడిచి కోనేటి గట్టుకు రావాలి.

కోనేళ్ళలోను, చెరువులలోను డాఫ్నియా అనే జీవి ఉంటుంది. ఆవగింజ అంత ఉండే ఈ ప్రాణి రొయ్యకు, పీతకు దూరపు బంధువు. శరీరం పారదర్శకం కనుక సూక్ష్మదర్శిని కింద కొట్టుకునే గుండెను చూడవచ్చు. పాఠశాలలో చూపటానికి ఇంతకంటె మంచి జంతువు లేదు. దోమను పోలిన కేయోబోరస్ అనే కీటకపు లార్వాలు ఆ నీటిలోనే ఉండి చిన్న డాఫ్నియాలను పట్టి తింటాయి. లార్వాలు ఉన్న నీటిని వడగట్టి, లార్వా ఒక్కటీ లేకుండా చేసి, ఆ నీటిలో డాఫ్నియాలను పెంచితే, కొన్ని జాతులలో పుట్టిన పిల్లల మెడ వెనుక ముళ్ళవంటి చిన్న పళ్ళు మొలుస్తాయి. అటువంటి పిల్ల లార్వా నోటికి చిక్కటం కష్టం. మామూలు నీటిలో పెరిగిన అక్కచెల్లెళ్ళకు ఆ ముళ్ళు ఉండవు. తల్లి ఒకటే, వంశలక్షణాలు ఒకటే. నీటిలో కరిగిన శత్రువు వాసన ఒక్కటే భేదం. మన దేశపు నీళ్ళలో కూడా కనిపించే డాఫ్నియా లుంహోల్ట్జీ అనే జాతి అయితే, చేపల వాసన ఉన్న నీటిలో తల మీద పొడవైన కిరీటంవంటి కొమ్ము, వెనుక పొడవైన ముల్లు పెంచుకుంటుంది.

ఆ లార్వా తన ఉనికిని ఎందుకు బయటపెట్టుకుంటుంది? వాసన రాకుండా ఉంటే దానికే లాభం కదా! 2018లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఆ ద్రవ్యాన్ని గుర్తించినప్పుడు ఈ ప్రశ్నకు సమాధానం దొరికినది. గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం కొవ్వు ఆమ్లాలతో కలిసి ఏర్పడిన పదార్థాలే అవి. తిన్నది అరిగించుకొనటానికి ఆ లార్వాకు అవి అవసరం. తినటం మానితేగాని వాసన ఆగదు.

ముళ్ళు ఇంత ప్రయోజనకరమైతే ఎల్లప్పుడూ ఎందుకు ఉండవని విద్యార్థులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ముళ్ళు పెంచటానికి ఖర్చు అవుతుంది, ఎదుగుదల ఆలస్యమవుతుంది. శత్రువు లేనిచోట ఆ ఖర్చు దండుగ.

తోకకప్పలలోను ఇదే కథ. తూనీగ పిల్లలు నీటిలోనే పెరుగుతాయి, తోకకప్పలను వేటాడి తింటాయి. అమెరికాలో కొన్ని జాతుల చెట్టుకప్పల తోకకప్పలున్న తొట్టెలో, వల పంజరంలో బంధించిన తూనీగ పిల్లలను ఉంచి చూశారు. పంజరం కనుక అవి తోకకప్పను తాకలేవు. అయినా కొన్ని వారాలలో తోకకప్పల తోక రెక్కలు వెడల్పుగా పెరిగాయి, కొన్నిటిలో తోకకు ముదురు రంగు వచ్చినది. శత్రువు పట్టు తలమీద కాక తోకమీద పడితే ప్రాణం దక్కుతుంది. చిరిగిన తోక తిరిగి పెరుగుతుంది. దానితోపాటు ఆ తోకకప్పలు కదలటం తగ్గించి, తిండి తగ్గించి, నెమ్మదిగా ఎదిగాయి. ఎండిపోయే గుంటలో ఈ నిదానమే మరొక ప్రమాదం. శత్రువు ఉన్నాడని ఆగాలా, నీరు తగ్గిపోతున్నదని త్వరపడాలా అన్నది వానాకాలం గుంటలోని ప్రతి తోకకప్పకూ ఎదురయ్యే సమస్యే.

నీటిలో హెచ్చరిక వాసన కూడా ఉన్నది. చేప చర్మం చీరుకుపోతే అందులోని కణాలనుండి ఒక ద్రవ్యం నీటిలోకి వస్తుంది. దానితో గుంపులోని మిగిలిన చేపలు బెదిరి అడుగుకు పోతాయి. ఈ సంగతిని 1938లో కార్ల్ వాన్ ఫ్రిష్ కనుగొన్నాడు; తేనెటీగల నాట్యాన్ని వివరించిన శాస్త్రజ్ఞుడు ఈయనే. ఆయన చూసినది ఐరోపా వాగులలోని చిన్న చేపను. మన బొచ్చె, శీలావతి చేపలు కూడా ఆ పెద్ద కుటుంబానికి చెందినవే. తేనెటీగల విషయానికి వస్తే, రాణి ఈగ విడిచే ద్రవ్యం పట్టంతటా వ్యాపించి ఉన్నంతకాలం కూలి ఈగల అండాశయాలు అణగి ఉంటాయి. రాణి చనిపోతే ఆ వాసన తగ్గిపోతుంది. కొన్ని గంటలలోనే ఆ లోటు పసిగట్టి, కూలి ఈగలు కొన్ని చిన్న పిల్లపురుగులకు వేరే గదులు కట్టి, వాటిని రాణులుగా పెంచటానికి పూనుకుంటాయి.

తిరిగి మామిడి చెట్టు దగ్గరకు వద్దాము. ఆకులను పట్టుదారంతో కుట్టి గూళ్ళు కట్టుకునే ఎర్రచీమలు మామిడి చెట్లపై విరివిగా ఉంటాయి. కాయలు కోయటానికి చెట్టెక్కినవారిని కరుస్తాయని వీటి గూళ్ళను తగులబెట్టటం కద్దు. ఆఫ్రికాలో బెనిన్ దేశపు మామిడితోటలలో ఇదే ప్రజాతికి చెందిన చీమలను పరిశీలించగా ఒక ఉపయోగకరమైన సంగతి బయటపడినది. చీమలు తిరిగిన కాయలమీద పండు ఈగ గుడ్లు పెట్టటానికి వెనుదీస్తుంది. చీమలను తొలగించిన తరువాత కూడా, అవి కాయపై వదిలిన ద్రవ్యాల జాడ చాలు, గుడ్లు తక్కువగా పడ్డాయి. చీమ తన తోటిచీమల కోసం రాసుకున్న గుర్తును ఈగ చదువుకొని తప్పుకుంటున్నది. మన చీమ బెనిన్ చీమకు సోదర జాతి. గూడు తగులబెట్టే ముందు రైతు ఈ లెక్క కూడా వేసుకోవటం మంచిది.

మగ ఈగను పట్టే పద్ధతి ఇప్పుడు సులభంగానే అర్థమవుతుంది. ఆల్కహాలు 6 పాళ్ళు, మిథైల్ యూజినాల్ 4 పాళ్ళు, మలాథియాన్ 1 పాలు కలిపిన ద్రవంలో ప్లైవుడ్ ముక్కలను నానబెట్టి, వాటిని బుట్టలలోనో, రంధ్రాలు చేసిన సీసాలలోనో ఉంచి తోటలో వేలాడదీస్తారు. వచ్చిన ఈగ చెక్కను నాకి చస్తుంది. మందు కాయకు తగలదు. ఈ ద్రవాన్ని వట్టి చేతులతో ముట్టరాదు. పిల్లలకు అందే ఎత్తులో బుట్టలు కట్టరాదు. పసిఫిక్ మహాసముద్రంలోని రోటా అనే చిన్న దీవిలో, 1962లో మొదలుపెట్టి, మిథైల్ యూజినాల్, విషం కలిపి పట్టించిన అట్టముక్కలను విమానాలనుండి జల్లి, పండు ఈగను దీవిలో లేకుండా చేశారు. జపాను దేశపు నైరుతి దీవులలో 1968లో ఇదే పద్ధతితో ప్రారంభించిన కార్యక్రమం 1986 నాటికి పూర్తి అయినది.

రోటాలో సాధ్యమైనది మన తోటలో ఎందుకు అంత తేలికగా కాదు? ఇది రైతులు వేసే ప్రశ్న. బుట్టలు కట్టాము, రోజూ గుప్పెడు ఈగలు పడుతున్నాయి, అయినా పండులో పురుగు ఉన్నదని వారి ఫిర్యాదు. లోపం ద్రవ్యంలో లేదు. బుట్టలో పడేది మగ ఈగలు. పండును పాడుచేసేది ఆడ ఈగ. ఒక మగ ఈగ పెక్కు ఆడ ఈగలతో జతకూడగలదు కనుక నూటికి తొంబై మగ ఈగలు చచ్చినా మిగిలిన పదీ పని జరిపించగలవు. దాదాపు అన్నిటినీ, అవి జతకూడక ముందే పట్టగలిగితేనే ఫలితం. అందుచేత కాయ ముదరక ముందే బుట్టలు కట్టాలి. పండు పురుగుపట్టిన తరువాత కట్టటం దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లే. రోటా చుట్టూ సముద్రం ఉన్నది. మన తోట చుట్టూ ఉన్నది పక్కవాడి తోట. అక్కడ జతకూడిన ఆడ ఈగ గట్టు దాటి ఇక్కడికి వచ్చి గుడ్లు పెడితే, ఇక్కడి బుట్ట దానిని ఏమీ చేయలేదు. ఊరిలోని తోటలవారంతా ఒకే వారంలో బుట్టలు కట్టటం, రాలిన పండ్లను ఏరి లోతుగా పాతిపెట్టటం, వేసవి దుక్కితో నేలలోని ప్యూపాలను ఎండకు వెలికి తేవటం - ఇవన్నీ కలిసినప్పుడు బుట్టకు బలం వస్తుంది.

మరొక చిక్కు కూడా ఉన్నది. ఒకసారి మిథైల్ యూజినాల్ తిన్న మగ ఈగ తరువాత కొంతకాలం ఆ వాసనకు అంత ఆత్రపడదు. అత్తరు సీసా నిండిన తరువాత అత్తరు దుకాణంతో పనేమి? తోట పక్కనే తులసివనం ఉంటే, అక్కడ తృప్తిపడిన మగ ఈగలు బుట్టను లెక్కచేయక, పైగా జత దొరకటంలో మరింత సమర్థమై తిరుగుతూ ఉండవచ్చు. తులసి మొక్కలన్నిటిలోను ఈ ద్రవ్యం ఒకే మోతాదులో ఉండదు. కొన్నిటిలో అధికంగా, కొన్నిటిలో యూజినాల్ మాత్రమే ఎక్కువగా ఉంటుంది. ఏ మొక్క ఏ రకమో ముక్కుతో చెప్పటం కష్టం. ఈగనే అడగాలి.

అడగటం కష్టం కాదు. ఏప్రిల్, మే నెలలలో పాఠశాల దగ్గర మామిడి చెట్టు ఉన్న ఉపాధ్యాయుడు విద్యార్థులచేత ఈ ప్రయోగం చేయించవచ్చు. వేరువేరు ఇళ్ళ తులసికోటల నుండి ఒకే తూకం ఆకులు తెప్పించి, విడివిడిగా దంచి, ఒకే రకం మూకుళ్ళలో వేసి, ఏది ఎవరి ఇంటిదో గుర్తు పెట్టాలి. ఒక మూకుడులో కరివేపాకు, ఒకదానిలో వట్టి నీళ్ళు ఉంచాలి. అవి లేకపోతే ఈగలు వచ్చినది తులసికా, తడికా అన్నది తేలదు. అన్నిటినీ ఒకే ఎత్తులో, ఒకదానికొకటి దూరంగా వేలాడదీసి, ఉదయంపూట అరగంటకొకసారి ఈగలను లెక్కపెట్టాలి. వాలిన వాటిలో కొన్నిటిని సన్నని వలతో పట్టి, భూతద్దంలో పొట్ట చివర చూడాలి. సూదివంటి కొన ఉంటే ఆడ, గుండ్రంగా ఉంటే మగ. ఎవరి ఇంటి తులసికి ఎన్ని మగ ఈగలు వచ్చాయో నల్లబల్ల మీద పట్టిక వేసినప్పుడు, కొన్ని ఇళ్ళ పేర్ల ఎదుట సున్నా ఉండవచ్చు. ఆ సున్నాను కూడా వ్రాయాలి.